రామక్కవ్వకు రెండో ముక్కుపుడక

అది 2023. శివరాత్రి దాటి ఎండలు అప్పుడే మొదలయ్యాయి. చింతామణిలో బస్టాండు వెనక వీధిలో మాది చిన్న డిజైన్ అంగడి. ముందు ఫ్లెక్స్ మెషీను, వెనక రెండు కంప్యూటర్లు, వాటి మధ్య నేను. పెళ్ళి పత్రికలు, టమాటా మండీ బోర్డులు, నాయకుల పుట్టినరోజు బ్యానర్లు, ఏది వచ్చినా కాదనను. మనసుకు నచ్చిన పని మాత్రం లేబుళ్ళు. బ్యానర్ వానకు తడిసి మరునాటికి ఎవరో ఒకరి గొర్రెల దొడ్డికి పైకప్పు అవుతుంది. సీసా మీద లేబుల్ అట్లా కాదు, జనం ఇళ్ళల్లోకి పోయి కూర్చుంటుంది.

లోగో మార్చాలని వచ్చేవాళ్ళు రెండు రకాలు. వ్యాపారం సరిగ్గా నడవనివాళ్ళు ఒకరు. వ్యాపారం బాగా నడుస్తున్నా, ఇంట్లో ఎవరో ఎంబీఏ చదివి వచ్చినవాళ్ళు ఇంకొకరు. బాగేపల్లి మనోజ్ రెండో రకం. బెంగళూరులో చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, వాళ్ళ ఇంటి వ్యాపారం చూసుకోవడానికి తిరిగి వచ్చిన పిల్లవాడు. గడ్డం చక్కగా కత్తిరించుకుని, మాటకు ముందొకసారి, వెనకొకసారి ‘బేసికలీ’ అనేవాడు.

“బేసికలీ మేడం, మా అవ్వను సింపుల్ చేయల్ల” అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే.

అవ్వలు సింపుల్ కారు నాయనా అనబోయి ఊరుకున్నాను. ఆ మాట ఎంత నిజమో నాకప్పుడు తెలియదు.

వాళ్ళది ‘రామక్క నన్నారి’. నన్నారి, అంటే సుగంధి వేళ్ళను నానబెట్టి, కాచి, చక్కెర పాకం కలిపి చేసే షర్బత్. మా పక్క ఎండాకాలం ఇంటికి చుట్టం వస్తే నీళ్ళ చెంబు కంటే ముందు ఈ సీసా బయటికి వస్తుంది. పసుపు రంగు లేబుల్, నడుమ కోడిగుడ్డు ఆకారంలో గీత, అందులో ఒక ఆడమనిషి ముఖం. మనోజ్ సింపుల్ చేయమన్న అవ్వ ఆమే. చిన్నప్పుడు నేను ఆమెను ఏదో ఊరి అమ్మవారనుకుని, సీసాకు కాలు తగిలితే కళ్ళకద్దుకునేదాన్ని.

మనోజ్ సంచిలోంచి పాత సీసాలు తీసి, మొదటి రోజులవి ఒక చివర, ఇప్పటివి ఇంకో చివర ఉండేట్టు నా బల్ల మీద వరసగా పెట్టాడు. అన్నిటి మీదా అదే ముఖం, కానీ ఒకటిలాగా ఇంకొకటి లేదు. మొదటి దాంట్లో నున్నటి ముఖం, ఎడమ పక్క ముక్కుపుడక. తర్వాతి దాంట్లో నోరంతా ఎర్రగా పండింది. ఆ తర్వాతి దాంట్లో కళ్ళకు గుండ్రటి అద్దాలు వచ్చాయి.

“మీ అవ్వ ఎప్పటికప్పుడు కొత్త ఫోటో తీయించుకునేదా?” అని అడిగాను.

“లేదు మేడం. అన్నిటికీ ఒకటే ఫోటో. ఆయమ్మకు పెండ్లైన కొత్తలో తీసింది.”

“ఒకటే ఫోటోకు కళ్ళద్దాలు ఎట్లా వచ్చాయి?”

“మా అవ్వ అద్దాలు పెట్టుకుంటాది కదా, చూసి వేసింటారు.”

సరేననుకున్నాను. అతనికి కావలసింది బెంగళూరులో పెద్ద పెద్ద ఏసీ అంగళ్ళలో విదేశీ సీసాల పక్కన నిలబడే లోగో. దూరం నుంచి చూసినా తెలియాలి, గోరంత చేసినా, గోడంత చేసినా చెడకూడదు. అట్లాంటి బొమ్మను మేము వెక్టర్ అంటాం. చుక్కలతో కాకుండా గీతల లెక్కతో గీసింది కాబట్టి ఎంత సాగదీసినా అంచులు పగలవు. గీతలు ఎంత తక్కువైతే అంత అందం.

వారం రోజులు కూర్చుని గీశాను. నడుమ పాపిట, వెనక కొప్పు, నుదుట గుండ్రటి బొట్టు, ముక్కు పక్కన ఒక చుక్క, చెంప నుంచి గడ్డం దాకా ఒకే వంపు. కళ్ళు, నోరు వేయలేదు. మరిచిపోయి కాదు. కళ్ళూ నోరూ లేని ముఖాలు వేయడం ఇప్పటి వాడుక. ఏ ఆఫీసు యాప్ తెరిచినా అట్లాంటివాళ్ళే చేతులూపుతుంటారు. నిజం చెప్పాలంటే, ఆ బొమ్మ చూసుకుని నేను మురిసిపోయాను. మనోజ్ అయితే కుర్చీలోంచి లేచే నిలబడ్డాడు.

“ప్రీమియం మేడం, ప్రీమియం!”

మా పనిలో ఆ మాటకు మించిన దీవెన లేదు. ఉగాది తర్వాత వచ్చే సరుకుకు కొత్త లేబుల్ వేయాలని అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఒక ముసలామె అంగడి మెట్లెక్కి వచ్చింది. తలెత్తి చూసిన నేను చటుక్కున లేచి నిలబడ్డాను. సీసా మీది మనిషే! అదే బొట్టు, అవే గుండ్రటి అద్దాలు, అదే ఎర్రటి నోరు, ఎడమ పక్క అదే పుడక. కాకపోతే కుడి పక్క ఇంకొక పుడక ఉంది. చిన్నప్పటి అలవాటు ఎక్కడికి పోతుంది, చేతులు వాటంతట అవే కళ్ళ దాకా పోబోయాయి.

“డిజైన్ చేసే సునందమ్మ అంటే నువ్వేనామ్మా?”

“నేనేనవ్వా. రండి, కూర్చోండి.”

రామక్కవ్వ కూర్చుని, చేతిసంచిలోంచి ఒక నన్నారి సీసా తీసి నా ముందు పెట్టింది. తర్వాత కళ్ళద్దాలు తీసి ఒడిలో పెట్టుకుని, గోడకు తగిలించిన పెళ్ళి పత్రికను అంత దూరం నుంచే గడగడా చదివేసింది. చివర చీమలంత అక్షరాల్లో వేసిన మా అంగడి పేరుతో సహా.

“అవ్వా, అందరూ అద్దాలు పెట్టుకుని చదువుతారు. మీరు తీసి చదువుతున్నారే?”

“ఇవి ఉత్త అద్దాలమ్మా. గీతలు పడి, పెట్టుకుంటే మసకగా ఉంటాది.”

“మరి పెట్టుకోవడమెందుకు?”

“బాటిల్ మీద ఉండాయి కదా!” అంది, ఇంత కూడా తెలియదా అన్నట్టు.

అక్కడ మొదలైంది కథ. నేను కంప్యూటర్ వైపు వీపు తిప్పి కూర్చున్నాను.

“మా ఇండ్లల్లో కుడి పక్కే ముక్కు కుట్టేదమ్మా. నాకూ కుడి పక్కే ఉన్నింది. మొదటి సారి లేబుల్ కొట్టిస్తే ఎడమ పక్క పడింది. ఎట్లా పడిందో ఏమో, పోనీలే అనుకుంటి.”

ఎట్లా పడిందో నాకు తెలుసు. ఆ కాలంలో ఫోటో అచ్చు వేయాలంటే జింకు రేకు మీద బ్లాక్ చేయించాలి. రబ్బరు స్టాంపులో మాదిరే బ్లాకులో బొమ్మ తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. నెగటివును ఎవరో అటుది ఇటు పెట్టి ఉంటారు. అక్షరాలు విడిగా కూర్చినవి కాబట్టి అవి సరిగ్గానే పడ్డాయి, ముఖం మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది. కుడి పుడక ఎడమకు పోయింది.

“అప్పట్లో సరుకు ఆర్డర్లకు నేనే ఊరూరూ తిరిగేదాన్ని. ఒకసారి గూళూరులో గంగప్ప అంగడికి పోతే, ‘నువ్వెవరమ్మా?’ అన్నాడు. రామక్కనప్పా అంటి. ‘రామక్క పొద్దున్నే వచ్చి సరుకు వేసి పోయింది కదా’ అన్నాడు! చూస్తే మాదే లేబుల్, లోపల ఉత్త చక్కెర నీళ్ళు. యాడోళ్ళో డూప్లికేట్ సరుకు చేసి, బాటిల్ మీది బొమ్మ మాదిరి ఉండే ఒక ఆడమనిషిని వెతికి, రామక్క అని తిప్పుతాండారు.”

“అయ్యో! మీరు ఊరుకున్నారా?”

“యాడ ఊరుకుంటా? పెద్ద గలాటా చేస్తి. గంగప్ప బాటిల్ తెచ్చి నా చెంపకాడ పెట్టి చూసినాడు. ‘బాటిల్ మీద పుడక ఎడమ పక్క ఉండాది. పొద్దున వచ్చినామెకూ ఎడమ పక్కే. నీది కుడి. నువ్వే డూప్లికేట్’ అన్నాడు. నన్నే!”

నేను నవ్వాపుకోలేకపోయాను. అవ్వ కూడా నవ్వింది.

“ఇప్పుడు నగు వస్తాదమ్మా. ఆ పొద్దు బస్సులో ఏడ్చుకుంటా వస్తి. దిగి ఇంటికి పోలేదు, నేరుగా నగలు చేసే ఆచారి అంగడికి పోతి. ఎడమ పక్క కుట్టప్పా అంటి. వారం దినాలు ముక్కు బూరె మాదిరి వాచింది. వాపు దిగినాక గూళూరికి పోతే, గంగప్ప మళ్ళీ బాటిల్ చెంపకాడ పెట్టి, ‘ఇప్పుడు సరిపోయింది. నువ్వు బాటిల్ మాదిరే ఉండావు’ అన్నాడు. ఆ డూప్లికేట్ యమ్మ మళ్ళీ ఆ పక్క రాలేదు.”

అది మొదలు, లేబుల్ ఎట్లా మారితే అవ్వ అట్లా మారుతూ వచ్చింది. రంగుల లేబుల్ వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ తప్పింది. అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోకుండా పక్కకు జరగడం. ఎరుపు కిందికి జారి, పెదవులు దాటి గడ్డం మీదికి వచ్చింది. చూసినవాళ్ళంతా ‘రామక్క ఆకు వక్క వేస్తాదే’ అనుకున్నారు. అంగళ్ళలో కూర్చోబెట్టి మర్యాదగా తాంబూలం పెట్టడం మొదలుపెట్టారు. వద్దంటే మళ్ళీ అనుమానం. అట్లా అలవాటైంది. కంప్యూటర్ కాలంలో ఎవరో ఆ ఫోటోకు ఆటో ట్రేస్ కొట్టారు. అంటే నీడ ఎక్కడుందో, గీత ఎక్కడుందో కంప్యూటరే తేల్చుకుని గీయడం. దానికేం తెలుసు పాపం, కళ్ళ కింది నీడలను చుట్టూ తిప్పి అద్దాలు తగిలించింది. లేబుల్ అచ్చయి వచ్చిన వారానికే అవ్వ చిక్కబళ్ళాపురానికి పోయి పవర్ లేని అద్దాలు చేయించుకుంది.

“ఇప్పుడు మళ్ళీ మారుస్తాండారంట కదా. ఏం మార్చుకోవల్లో ముందే తెలిస్తే మేలని వస్తి. ముసలిదాన్ని. ముక్కు కుట్టేదానికి ఇంక జాగా లేదు” అంది.

నవ్వుతూనే స్క్రీన్ అటు తిప్పాను. నా పనితనం చూపించాలని కొంచెం ఉబలాటం కూడా ఉంది.

అవ్వ ముందుకు వంగింది. చాలాసేపు చూసింది.

“కండ్లు యాడమ్మా?”

“లేవవ్వా. ఇప్పుడు ఇట్లే వేస్తున్నారు.”

“నోరు?”

“అదీ... లేదు.”

నా మురిపెమంతా కారిపోయింది. ఆ మనిషి ముందు కూర్చుని చూస్తుంటే నాకే ఆ బొమ్మ సున్నం కొట్టిన గోడలాగా కనిపించింది.

“అయితే ఇంక చూడకూడదు, మాట్లాడకూడదు. అంతే కదా?”

“అయ్యో, అట్లా కాదవ్వా, ఇది ఉత్త బొమ్మ...”

“ఉండనీలేమ్మా. ముక్కు కుట్టించుకున్నదాన్ని, నోరు మూసుకోలేనా?”

అద్దాలు సంచిలో వేసుకుని, ఎండలో బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు ఉదయమే మనోజ్ ఫోన్. గొంతులో ‘బేసికలీ’ లేదు.

“మేడం, మీరు ఒకసారి బాగేపల్లికి రావల్ల. మా అవ్వ మాట్లాడతా లేదు. కండ్లు కూడా తెరవతా లేదు.”

ఒంట్లో బాగాలేదేమోనని అంగడి అట్లే వదిలేసి, దొరికిన బస్సెక్కి వెళ్ళాను. ఊరి చివర వాళ్ళ షెడ్డు. లోపల నన్నారి వాసన గుప్పుమంటోంది. పెద్ద కొప్పెరలో కషాయం పాకంతో కలిసి కుతకుతా ఉడుకుతోంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రామక్కవ్వ వీపు నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి కూర్చుంది. ఆరోగ్యం భేషుగ్గా ఉంది. ముఖంలో పంతం ఉంది, ఆ పంతం కింద దాచుకున్న బాధ కూడా ఉంది.

ఆ షెడ్డులో మొదటి నుంచీ ఒకటే కట్టడి. కొప్పెర దించే ముందు రామక్కవ్వ గరిటె ఎత్తి చూడాలి, బొట్టు నాలుక మీద వేసుకోవాలి, ‘దించండి’ అనాలి. ఆ మాట పడేదాకా ఎవరూ చేయి పెట్టరు. ఇంటి లెక్కలన్నీ మగవాళ్ళ చేతికి పోయినా, ఆ ఒక్క మాట మాత్రం ఆమె దగ్గరే మిగిలింది. పొయ్యి మండుతోంది, పాకం ముదురుతోంది, ఆ మాట రావడం లేదు.

“నేను చూసి చెప్తి మేడం, దించండని. ఎవురూ కదల్లేదు” అన్నాడు మనోజ్. అక్కడున్న ఆడవాళ్ళంతా కొప్పెర వైపు కాకుండా అవ్వ వైపు చూస్తున్నారు.

“అవ్వా, ఒక్క మాట చెప్పవ్వా. సరుకంతా మాడిపోతాది!”

అవ్వ కళ్ళు తెరవకుండానే చేయెత్తి గోడ వైపు చూపించింది. అక్కడ మనోజ్ నా కొత్త లోగోను పెద్దగా ప్రింట్ తీసి అతికించి ఉన్నాడు.

పొయ్యి దగ్గర నిలబడ్డ లక్ష్మక్క చాలా ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఆమె అందుకుంది. “నోరు లేదంట చూడప్పా. అందుకే మాట్లాడరంట.”

“అది ఉత్త బొమ్మ లక్ష్మక్కా!”

“మీ అవ్వకు అది ఎప్పుడూ ఉత్త బొమ్మ కాదు మనోజ్” అన్నాను. గంగప్ప సంగతి, ఆచారి సంగతి, తాంబూలం సంగతి వరసగా చెప్పాను. అద్దాల సంగతి చెప్పేసరికి అతను నమ్మలేక, అవ్వ సంచిలోంచి అద్దాలు తీసి తన కళ్ళకు పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. కొంచెం మసకగానైనా కొప్పెర కొప్పెరలాగానే, నేను నాలాగానే కనిపించి ఉంటాం. ఆ అద్దాలతోనే అవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. గడ్డం కత్తిరించుకున్న ఆ ఎంబీఏ ముఖం ఏడుపు ఆపుకునే చిన్నపిల్లాడి ముఖమైపోయింది.

“నాకెందుకు చెప్పలేదవ్వా ఇన్ని దినాలు?”

అవ్వ జవాబు చెప్పలేదు. చెప్పడానికి నోరు లేదు కదా.

మనోజ్ లేచాడు. జేబులోంచి నల్ల మార్కర్ తీసి గోడ దగ్గరికి పోయి, వారం రోజులు కూర్చుని గీసిన నా ప్రీమియం లోగో మీద రెండు కళ్ళు పెట్టాడు. హడావుడిలో ఒకటి పైన, ఒకటి కింద పడింది. డిజైనరుగా నా ప్రాణం విలవిల్లాడింది, మనిషిగా హాయిగా ఉండింది.

“కండ్లేసినాడవ్వా” అంది లక్ష్మక్క.

అవ్వ కళ్ళు తెరిచింది. బొమ్మను చూసింది. పెదవులు మాత్రం అట్లే బిగించి, ఇంకా ఏదో కావాలన్నట్టు మనవడి వైపు తిరిగింది. మనోజ్ గబగబా చంద్రవంక మాదిరి ఒక నోరు గీశాడు.

“ఇంగా కొంచెం పెద్దది వేయప్పా” అంది రామక్కవ్వ. వెంటనే కుర్చీలోంచి లేచి, గరిటె ఎత్తి చూసి, నాలుక మీద బొట్టు వేసుకుని, షెడ్డు రేకులు అదిరేట్టు కేకేసింది. “దించండి! చూస్తా నిలబడినారే, చేతులు లేవా మీకు? బొమ్మలో అవీ తీసేసినారా?”

ఆ కొప్పెర కొంచెం ముదిరిపోయింది. సీసాలకు వద్దని చెప్పి, అవ్వ దాన్ని శ్రీరామనవమి పానకం పంచేవాళ్ళకు ఇచ్చేసింది.

నేను మళ్ళీ మొదటి నుంచి గీశాను. ఈసారి పాత ఫోటో ముట్టుకోలేదు. అవ్వను షెడ్డు గుమ్మంలో వెలుతురుకు కూర్చోబెట్టి కొత్త ఫోటో తీశాను. తీస్తున్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉంది కాబట్టి ఫోటోలో నోరు కొంచెం తెరుచుకునే ఉంది. దాన్ని అట్లే ఉంచాను. మనోజ్ కోరినట్టు గీతలు తక్కువే, వెక్టరే, గోరంత చేసినా చెడదు. అద్దాలు తీసేయమంది అవ్వ. ఎర్రటి నోరు ఉంచమంది. ఆ అచ్చుతప్పు ఆమె నోట్లో ఎప్పుడో నిజమైపోయింది, ఇప్పుడు ఆకు వక్క లేకపోతే అన్నం అరగదట.

“పుడకలు? లోగోలో ఒకటైతే బాగుంటుందవ్వా, చూడ్డానికి తేలిక. ఏ పక్కది ఉంచమంటారు?”

“రెండూ ఉండల్ల. ఒకటి మా యమ్మ కుట్టించింది. ఇంగొకటి నేను సంపాదించుకున్నది.”

రెండూ వేశాను.

కొత్త లేబుల్ సరుకు మొదట గూళూరికే పోవాలని అవ్వ పట్టుబట్టింది. నన్ను కూడా వెంటబెట్టుకుని మనోజ్ కారులో బయలుదేరింది. గంగప్ప ఇంకా ఉన్నాడు. పళ్ళు ఊడాయి గాని గల్లా వదల్లేదు. అద్దాలు లేని అవ్వను చూసి కనుబొమలు ముడిచాడు.

“ఏమ్మా, కండ్లద్దాలు యాడ?”

“ముందు బాటిల్ చూడప్పా.”

గంగప్ప కొత్త సీసా అందుకుని, పాత అలవాటు కొద్దీ చేయి చాపి అవ్వ చెంప పక్కన పెట్టాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. అవ్వ తగవుకు సిద్ధంగా నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది. నా పనికి అంత కఠినమైన పరీక్ష ఏ ఆఫీసులోనూ జరగలేదు.

“సరిపోయిందిమ్మా” అన్నాడు చివరికి. “బాటిల్ నీ మాదిరే ఉండాది.”

అవ్వ తెరిచిన నోరు అట్లే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో చాలా దూరం ఏమీ మాట్లాడలేదు. మనోజ్ భయపడి అద్దంలో వెనక్కి వెనక్కి చూశాడు. బాగేపల్లి దగ్గర పడుతుండగా నా చేయి పట్టుకుంది.

“విన్యావామ్మా? నేను బాటిల్ మాదిరి ఉండానని అన్లేదు. బాటిల్ నా మాదిరి ఉండాదన్నాడు.”

ఆ పని తర్వాత నా అంగడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. లోగో మార్చాలని ఎవరు వచ్చినా, రంగులు, అక్షరాల సంగతి తర్వాత. అది ఎవరి ముఖమో, ఎవరి పేరో, ఆ మనిషి ఉంటే ముందు ఒకసారి పిలుచుకుని రమ్మంటాను. బొమ్మ మారితే కాగితమొక్కటే మారుతుందని మేము అనుకుంటాం. ఎక్కడో ఒక ఊళ్ళో ఎవరో ఒకరు ఆ బొమ్మకు సరిపోవడానికి ముక్కు కుట్టించుకుంటూ ఉంటారు.